ఖరగ్‌పూర్ బజారు నేర్పే పాఠాలు

(ప్రసంగ పాఠం)

హౌరా నుండి దక్షిణాపథానికి బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు ప్రయాణించిన పిమ్మట ఖరగ్‌పూర్ చేరును. ఆ స్టేషనులోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా చాలాకాలం పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని అందుకొన్నవి. అయినను ఖరగ్‌పూర్ ప్రాముఖ్యం తగ్గలేదు. హౌరా, టాటానగర్, ఆద్రా, భద్రక్ దిక్కులకు పోయే మార్గాలన్నీ అక్కడ కలియుటయే ఆ స్టేషనుకు విలువ తెచ్చినది గాని, ప్లాట్‌ఫారం పొడవు కాదు.

స్టేషను విషయంలో సత్యమైన ఈ మాట, స్టేషను నీడన బ్రతుకుతున్న చిన్న కొట్టు విషయంలోను సత్యమే. కొట్టు ఎంత వెడల్పున్నది, గాజు బీరువాలు ఎన్ని ఉన్నవి అనేవి తరువాతి ప్రశ్నలు. దానికి ఎన్ని దారుల నుండి గిరాకి వచ్చుచున్నది, వచ్చిన సొమ్ము ఎంత త్వరగా తిరిగి సరుకుగా మారుచున్నది అనేవి మొదటి ప్రశ్నలు. ఒకే వీధిలో, ఒకే పెట్టుబడితో ప్రారంభమైన రెండు కొట్లలో ఒకటి రెండు తరాలు నిలిచి, మరొకటి రెండేళ్ళలో మూతపడుటకు కారణం తరచుగా ఈ రెండు ప్రశ్నలలోనే దొరుకును.

రైలు తెచ్చిన ఊరు

ఖరగ్‌పూర్ నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1900 సంవత్సరంలో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన ప్రారంభమై, కలకత్తా వైపు మార్గం సుగమమైనది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే పెద్ద వర్క్‌షాపు వెలసి, ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమై కూర్చున్నది. తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో ఇదే కంపెనీ యాజమాన్యంలోకి వచ్చినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి తెలుగువారు పనికై ఉత్తరానికి తరలి వచ్చుటకు ఆ మార్గమే దారి చూపినది. ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గ్యాంగ్‌మన్లుగా, గుమాస్తాలుగా వారు స్థిరపడినారు. బెంగాలీలు, ఒడియాలు, హిందీ భాషీయులు, తమిళులు, పంజాబీలు, గుజరాతీలు కూడ వచ్చి చేరినందున ఈ పట్టణానికి మినీ ఇండియా అను పేరు వచ్చినది. 1951లో హిజ్లీలో భారత సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైన పిమ్మట దేశపు నలుమూలల యువకులు ఏటేటా వచ్చి ఈ కలయికను మరింత విస్తరింపజేసినారు.

మనుష్యులు వచ్చిన చోటికి వారి ఆకలియు, అలవాటును వెంట వచ్చును. బెంగాలు గడ్డపై కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలికి చింతపండు కావలెను, ఎండుమిరప కావలెను, మినపప్పు కావలెను. ఆవనూనె వాసన అలవాటు కాని ఇంటికి నువ్వులనూనె కావలెను. ఈ అవసరాన్ని తీర్చుటకై పుట్టిన కొట్టు స్వజనుల కొట్టు. అందులో కొనేవాడు, అమ్మేవాడు ఒకే భాషవారు, ఒక్కొక్కప్పుడు ఒకే ఊరివారు. విశ్వాసం పుట్టుకతోనే ఉన్నది కనుక అరువు కూడ సులువుగా పుట్టును. ప్రవాసులు ఎక్కడికి పోయినను వారి వ్యాపారానికి తొలి మెట్టు ఇదియే. రంగూనులోను, మారిషస్‌లోను, నేటి అమెరికా నగరాలలోను ఇదే కథ కనిపించును.

తొలి మెట్టు మంచిదే. కాని దానిపైనే నిలిచిపోయినవాడు మేడ ఎక్కలేడు.

మొదటి పాఠం: పరుల భాష, పరుల వంటిల్లు

స్వజనులను మాత్రమే నమ్ముకొన్న కొట్టుకు గిరాకి హద్దు ముందే నిర్ణయమై ఉండును. కాలనీలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నవో, ఆ కొట్టు పెరుగుదలకు హద్దు అంతే. పైగా అదే కాలనీలో మరొక తెలుగు కొట్టు వెలసిన నాడు ఉన్న గిరాకి రెండుగా చీలును. అటువంటి సమయంలో ధర తగ్గించి పోటీపడుట ఒక దారి. గిరాకి వలయాన్ని విస్తరించుట మరొక దారి. మొదటిది ఇద్దరినీ బలహీనపరచును. రెండవది ఇద్దరికీ చోటు చూపును.

వలయాన్ని విస్తరించుట యనగా ఏమి? ఇడ్లీ, దోసె ఉదాహరణగా తీసికొనవచ్చును. ఆ ఫలహారాలు మొదట దక్షిణాదివారి కోసమే తయారైనను, నేడు బెంగాలీ గుమాస్తా, బీహారీ కూలీ, సాంకేతిక విద్యాసంస్థలోని విద్యార్థి అందరును వానిని ఇష్టంగా తినుచున్నారు. ఇట్టి మార్పు తనంత తాను రాదు. బెంగాలీ వచ్చినపుడు బెంగాలీలో పలుకరించుట, హిందీ వచ్చినవానికి హిందీలో ధర చెప్పుట, కారం తక్కువ కోరినవానికి వేరే చట్నీ పెట్టుట వంటి చిన్న పనుల వలన అది సాధ్యమగును. అట్లే కిరాణా కొట్టువాడు చింతపండు పక్కన ఆవనూనెను, గసగసాలను, మురమురాలను ఉంచిన నాడు పొరుగింటి బెంగాలీ కుటుంబానికి ఆ గడప తొక్కుటకు కారణం దొరకును. గసగసాలు లేని బెంగాలీ వంటిల్లు అరుదు అని తెలిసికొనుటయే వ్యాపార విజ్ఞానం. పొరుగువాని వంటిల్లు తెలియనివాడు పొరుగువానికి అమ్మలేడు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. పరుల భాష పలికినచో స్వభాష పోవునా అని. ఖరగ్‌పూర్ అనుభవం దీనికి సమాధానం చెప్పుచున్నది. మూడు నాలుగు తరాలుగా బెంగాలీ, హిందీ మాట్లాడుచు వచ్చిన తెలుగువారు తెలుగును విడువలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాషగా గుర్తింపు నిచ్చుటకు నిర్ణయించినపుడు, ఖరగ్‌పూర్‌లోని తెలుగు ప్రజల ఉనికియే అందుకు ముఖ్య కారణంగా నిలిచినది. బజారులో నాలుగు భాషలు పలికి ఇంటిలో తల్లిభాష నిలుపుకొనిన ప్రజలకు ఆ గౌరవం దక్కినది.

రెండవ పాఠం: అరువు లెక్క

రైల్వే పట్టణపు బజారుకు ఒక ప్రత్యేక లక్షణం కలదు. అక్కడి గిరాకిలో పెద్ద భాగం నెలజీతం మీద ఆధారపడినది. నెల మొదటి వారంలో చేతిలో రొక్కం ఆడును. నాలుగవ వారంలో అరువు పుస్తకం తెరుచుకొనును. జీతపు తేదీకి, జీతపు తేదీకి మధ్య ఉన్న ఈ ఎడమును దాటించే వంతెన చిన్న కొట్టువాడే. అతడు మోయుచున్న భారం మాత్రం సాధారణంగా ఎవరి లెక్కలోను చేరదు, ఒక్కొక్కప్పుడు అతని లెక్కలోను చేరదు.

ఒక కిరాణా కొట్టును ఊహించవచ్చును. రోజుకు అమ్మకం 2,000 రూపాయలు. ఆ సరుకు కొన్న ధర 1,600. కనుక రోజుకు 400 రూపాయల మిగులు, నెలకు 12,000. అమ్మకంలో సగం అరువు. అరువంతయు జీతపు రోజున ఒక్కసారిగా వసూలగును. ఇపుడు గల్లాపెట్టెలోకి చూడవలెను. రోజూ వచ్చే రొక్కం 1,000 రూపాయలు. రేపటి సరుకు నింపుటకు కావలసినది 1,600. అనగా రోజుకు 600 రూపాయల లోటు. ముప్పది రోజులకు 18,000. పుస్తకంలో లాభం కనిపించుచుండగానే, గల్లాపెట్టె వట్టిపోవుచున్నది. ఇంటి ఖర్చు ఇంకను లెక్కలోకి రాలేదు.

ఈ కొట్టు అమ్మకం రెట్టింపైనది అనుకొందురు గాక. రోజుకు 4,000. చూచినవారందరు వ్యాపారం పుంజుకొన్నదని మెచ్చుకొందురు. కాని అరువు సగంగానే ఉన్నచో నెలకు రొక్కపు లోటు 36,000 అగును. ఆ మొత్తం చేతిలో లేనివాడు వడ్డీకి తేవలెను, లేదా టోకు వర్తకుని వద్ద బాకీ పడవలెను. అమ్మకం లేక మూతపడిన కొట్లున్నట్లే, అమ్మకం పెరిగి మూతపడిన కొట్లును కలవు. రెండవ రకానికి కారణం ఇదియే.

అదే కొట్టువాడు అమ్మకాన్ని 4,000కు పెంచుచు, అరువును నాలుగవ వంతుకు కట్టడి చేసినచో ఫలితం వేరు. రోజుకు రొక్కం 3,000, సరుకుకు 3,200, లోటు 200 మాత్రమే. నెలకు 6,000. అమ్మకం రెట్టింపైనను లోటు మునుపటి దానిలో మూడవ వంతుకు దిగినది. వ్యాపారాన్ని పెంచదలచినవాడు అమ్మకపు అంకెకు ముందుగా అరువు పాలును చూడవలెననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

మునిగిపోయిన బాకీ సంగతి మరింత కఠినం. నూటికి ఇరవై రూపాయల మిగులుపై అమ్మేవానికి 3,000 రూపాయల బాకీ రాకుండ పోయినచో, దానిని పూడ్చుకొనుటకు అదనంగా 15,000 రూపాయల సరుకు అమ్మవలెను. “అరువు రేపు” అని తెలుగునాట కొట్లలో కట్టే పలక కేవలం చమత్కారం కాదు, అనుభవసారం.

అట్లని అరువు పూర్తిగా మానుట సాధ్యమా? దీనికి ప్రపంచ చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ అను మిల్లు పట్టణంలో 1833లో కార్మికులు ఒక సహకార దుకాణం తెరచి, అరువుల భారం వలన రెండేళ్ళలో మూసివేసినారు. ఆ దెబ్బ నుండి పాఠం నేర్చి, 1844 డిసెంబరు 21న 28 మంది సభ్యులు 28 పౌనుల మూలధనంతో మరల దుకాణం తెరచినారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి, కొవ్వొత్తులు – ఇంతే సరుకు. రొక్కపు అమ్మకం, సరియైన తూకం, కల్తీ లేని సరుకు అను నియమాలను పట్టుదలతో పాటించినారు. మిగిలిన లాభాన్ని కొనుగోలుదారులకే పంచినారు. ఆధునిక సహకారోద్యమానికి అది మూలస్తంభమైనది. ఖరగ్‌పూర్ వలెనే రోచ్‌డేల్‌లోను కొనుగోలుదారులు కూలిపై బ్రతికేవారే. అరువు నిరాకరించినను వారు దూరం కాలేదు. అరువు లేనందున సరుకు చౌకగా, నాణ్యంగా దొరికినది. ఆ లాభం వారికి కంటికి కనిపించినది.

అరువు బాధ కొట్టువానికే పరిమితం కాదు. 1929లో నియమితమైన కార్మిక రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, పారిశ్రామిక కేంద్రాలు అనేకంలో మూడింట రెండు వంతులకు తక్కువ కాని కార్మిక కుటుంబాలు అప్పులలో ఉన్నవని, చాలమంది అప్పు మూడు నెలల జీతాన్ని మించినదని అంచనా వేసినది. జీతపు రోజున కర్మాగారం వాకిట అప్పులవాళ్ళు కాపు కాయుటను నివారించుటకై 1934లో బెంగాలులో ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చినది. ఆ చరిత్ర తెలిసిన కొట్టువాడు అరువును దయగా గాని, ఎరగా గాని వాడడు. ఒక్కొక్క కుటుంబానికి ఆదాయాన్ని బట్టి హద్దు పెట్టును. పాత బాకీ తీరిన పిమ్మటనే కొత్త పద్దు వ్రాయును. కొనుగోలుదారుని వద్ద కూడ ఒక చిన్న పుస్తకం ఉంచి, రెండింటిలోను ఒకే అంకె వ్రాయును. అట్టి అరువు విశ్వాసాన్ని పెంచును. హద్దులేని అరువు విశ్వాసాన్నీ, స్నేహాన్నీ కలిపి పోగొట్టును.

మూడవ పాఠం: పద్దు పవిత్రం

ఈ విషయంలో భారతీయ సంప్రదాయాలన్నియు ఏకకంఠంగా పలుకుచున్నవి. బెంగాలీ వర్తకులు వైశాఖ మాసపు తొలి దినాన, అనగా ఏప్రిల్ మధ్యలో, హాల్‌ఖాతా జరుపుకొందురు. కొత్త ఖాతా పుస్తకానికి పూజ చేసి, కొనుగోలుదారులను పిలిచి మిఠాయి పెట్టుదురు. వచ్చినవారు పాత బాకీ తీర్చుట ఆచారం. గుజరాతీ వర్తకులు దీపావళి నాడు ఖాతా పుస్తకాలను పూజింతురు. తెలుగువారు ఉగాదిని సంవత్సరారంభంగా పాటింతురు. దినములు వేరు, భాషలు వేరు, భావం ఒక్కటే. ఏడాదికి ఒక్కసారియైన పాత లెక్క మూసి కొత్త లెక్క తెరువవలెను. బాకీ అడుగుట మొగమాటమైన చోట పండుగ ఆ మొగమాటాన్ని తీర్చును. ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో తెలుగు వర్తకుడు హాల్‌ఖాతా ఆచారాన్ని గ్రహించినచో అతనికి పోయేది లేదు, వచ్చేది బాకీ.

పద్దు వ్రాయుటలో మొదటి నియమం ఇంటి సొమ్మును, కొట్టు సొమ్మును వేరుచేయుట. దినచిట్టాలో ఆనాటి జమ, ఖర్చు ఆనాడే ఎక్కవలెను. ఆవర్జాలో ఒక్కొక్కరి ఖాతా వేరుగా ఉండవలెను. ఇంటికి తీసికొనిపోయిన కిలో కందిపప్పు కూడ పద్దులో ఎక్కవలెను. యజమాని తనకు తాను నెలకింత అని జీతం నిర్ణయించుకొని, అంతకు మించి గల్లాపెట్టెను ముట్టరాదు. ఇంటి పెండ్లికి, జబ్బుకు కొట్టు సరుకును కరిగించిన వ్యాపారం మరల కోలుకొనుట కష్టం.

రెండవ నియమం ఇంకను సూక్ష్మమైనది. ఇంటివారి శ్రమకు వెల కట్టుట. ఒక టిఫిన్ కొట్టుకు రోజుకు 800 రూపాయలు మిగులుచున్నవి అనుకొందురు గాక. తెల్లవారుజామున పిండి రుబ్బునది ఇల్లాలు. పెనం దగ్గర నిలిచేది యజమాని. ప్లేట్లు అందించేది కుమారుడు. ముగ్గురి కూలియు ఆ 800లోనే దాగి ఉన్నది. ఈ లాభాన్ని చూచి మురిసి వేరొక పేటలో రెండవ కొట్టు తెరచి, ఇద్దరిని రోజుకు 400 చొప్పున పనికి పెట్టుకొన్నచో, అక్కడ మిగులు సున్న. అద్దె కూడ చేరినచో నష్టం. మొదటి కొట్టు నిజంగా లాభం సంపాదించినదా, లేక ఇంటివారికి కూలి మాత్రమే ఇచ్చినదా అను ప్రశ్న ముందుగా వేసికొనని కారణాన ఎందరో రెండవ కొట్టుతో మొదటి కొట్టును కూడ పోగొట్టుకొనుచున్నారు. విస్తరణకు ముందు ఇల్లాలి శ్రమను కాగితంపై వ్రాయుట న్యాయమే కాక, వ్యాపార వివేకం కూడ.

మూడవ నియమం కాలాన్ని పద్దులో చేర్చుట. సంక్రాంతి, ఉగాది, బెంగాలీ కొత్త సంవత్సరం, సెప్టెంబరులో విశ్వకర్మ పూజ, పిమ్మట దుర్గాపూజ, దీపావళి, ఛఠ్ – మినీ ఇండియాలో పండుగలు ఏడాది పొడవునా వచ్చుచునే ఉండును. రైల్వే ఉద్యోగులకు 1979-80 నుండి ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ ఇచ్చు పద్ధతి ఏర్పడినది. అది సాధారణంగా దసరాకు ముందు చేతికందును. ఆ పక్షంలో పట్టణంలో ప్రవహించే సొమ్ము వేరు, ఆషాఢంలో ప్రవహించే సొమ్ము వేరు. గత సంవత్సరం ఏ వారంలో ఏ సరుకు ఎంత అమ్ముడైనదో వ్రాసి ఉంచుకొన్నవాడు ఈ సంవత్సరం పండుగకు సరుకు కొరత పడడు, పండుగ తరువాత నిలవ సరుకు మోయడు.

నాలుగవ పాఠం: ఒక్క చక్రంపై బండి నడవదు

రైల్వే పట్టణానికి రైల్వే కల్పవృక్షం. కాని ఒకే చెట్టును నమ్ముకొన్న పక్షికి గాలివాన నాడు వేరే కొమ్మ ఉండదు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సమ్మెయు, అదే సంవత్సరం లాకౌటును సంభవించినవి. 1974 మే 8న ప్రారంభమైన అఖిల భారత రైల్వే సమ్మె ఇరవై దినాలు సాగినది. సుమారు 17 లక్షల మంది అందులో పాల్గొన్నారు. జీతం ఆగిన ఇంట పొయ్యి ఆగకుండవలెనన్న అరువు పెరుగును. అరువు పెరిగిన కొట్టులో సరుకు తరుగును. శ్రామికుని కష్టంలో కొట్టువాడు భాగస్వామి అగుట ఇట్లు అనివార్యం.

2020 మార్చిలో కరోనా మహమ్మారి వలన దేశమంతట ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయినవి. బెంగాలులో సబర్బన్ రైళ్ళు తిరిగి ప్రారంభమైనది ఆ సంవత్సరం నవంబరు 11న. రైల్వే ఉద్యోగికి ఆ కాలంలో జీతం వచ్చినది. కాని ప్రయాణికునికి టీ, ఫలహారం అమ్మి బ్రతికేవానికి ఎనిమిది నెలల పాటు గిరాకియే లేకపోయినది. ఒకే పట్టణం, ఒకే రైల్వే, అయినను జీతగాని ఇంటికి సరుకు చేరవేసిన కొట్టు నిలిచినది, ప్రయాణికుని మీద మాత్రమే ఆధారపడిన బండి కూలినది.

కనుక ప్రతి చిరువ్యాపారి తన గిరాకిని భాగాలుగా విడదీసి చూచుకొనవలెను. రైల్వే జీతాల నుండి ఎంత, ప్రయాణికుల నుండి ఎంత, విద్యాసంస్థ నుండి ఎంత, చుట్టుపట్ల గ్రామాల నుండి ఎంత. సగానికి మించినది ఒక్క చోటి నుండియే వచ్చుచున్నచో, అది బలం కాదు, ప్రమాద సూచన. ఖరగ్‌పూర్ పరిసరాలలో లోహ పరిశ్రమలు, యంత్ర నిర్మాణ సంస్థలు వెలసి, విద్యాసాగర్ పారిశ్రామిక పార్కు ఏర్పడిన పిమ్మట కొత్త దారులు తెరుచుకొన్నవి. వర్క్‌షాపులో చేయి తిరిగిన ఫిట్టరు కుమారునికి లేతు పని, వెల్డింగు, మోటారు చుట్టుట వంటి పనులలో చిన్న కార్ఖానా పెట్టుకొనుటకు అవకాశం కలదు. పెద్ద సంస్థకు సరుకు గాని, సేవ గాని అందించి డబ్బుకై నెలల తరబడి తిరిగే చిన్న పరిశ్రమలవారు 2006 నాటి చట్టాన్ని తెలిసికొనవలెను. నమోదు చేయించుకొన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 దినాలలో చెల్లించవలెనని ఆ చట్టం నిర్దేశించుచున్నది.

అయిదవ పాఠం: అప్పు దేనికి?

కొట్టువాడు ఇచ్చే అరువు ఒకటి, తెచ్చే అప్పు మరొకటి. అప్పు చేయరాదనుట అన్నివేళల సరికాదు. దేనికి, ఎంతకాలానికి అనునది ప్రధానం. పండుగ సరుకుకై తెచ్చిన అప్పు పండుగ సొమ్ముతో తీరవలెను. గ్రైండరుకై తెచ్చిన అప్పు గ్రైండరు ఆదా చేసే కూలితో రెండు మూడేళ్ళలో తీరవలెను. వారం వడ్డీకి తెచ్చిన సొమ్ముతో గ్రైండరు కొన్నవాడు గ్రైండరు కోసమే పనిచేయును. రైల్వే భూమిపై వెలసిన గోల్ బజారు వంటి చోట, స్థలం తనది కానప్పుడు గోడలపై పెట్టుబడి పెంచుటకంటె సరుకుపై, పనిముట్లపై పెంచుట మేలు. పనిముట్లు వెంట వచ్చును, గోడలు రావు.

2015లో ప్రారంభమైన ముద్రా పథకంలో శిశు తరగతి కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండ రుణం లభించును. వీధి వర్తకులకై 2020లో వచ్చిన పి.ఎం. స్వనిధి పథకంలో తొలి విడత 10,000 రూపాయలు కాగా, 2025లో దానిని 15,000కు పెంచినారు. తొలి విడత సకాలంలో తీర్చినవానికే తరువాతి విడత. హాల్‌ఖాతాలో పాత బాకీ తీర్చి కొత్త పద్దు తెరిచే నీతియే ఇందులోను కలదు. 2016 నుండి వాడుకలోకి వచ్చిన యు.పి.ఐ. చెల్లింపుల వలన చిన్న బండివాని అమ్మకం సైతం బ్యాంకు పుస్తకంలో నమోదగుచున్నది. ఇంతకాలం నోటిమాటగా ఉన్న అతని వ్యాపారానికి వ్రాతపూర్వకమైన సాక్ష్యం ఏర్పడినది.

విద్యార్థులకు ఒక మాట

రైల్వే పట్టణంలో చాలకాలం ఒక అభిప్రాయం నాటుకొని ఉండేది. రైల్వే కొలువే జీవితం, కొట్టు దానికై ఎదురుచూచే వెయిటింగు రూము అని. కొలువు దొరికేవరకు కొట్టులో కూర్చొనుట, దొరికిన నాడు లేచిపోవుట. అట్టి మనస్సుతో నడిపిన కొట్టు పెరుగదు. కాలం కూడ మారినది. భారతీయ రైల్వేలలో 1990-91లో సుమారు పదహారున్నర లక్షల మంది ఉద్యోగులుండగా, 2020-21 నాటికి ఆ సంఖ్య సుమారు పన్నెండున్నర లక్షలకు దిగినది. తాత పనిచేసిన వర్క్‌షాపులో మనుమనికి చోటు ఉండునని చెప్పుటకు వీలులేదు. తాత పెన్షనుతో నాన్న పెట్టిన కొట్టును చిన్నచూపు చూడక, చదువుకొన్న మనుమడు దానికి లెక్కను, భాషను, క్రమాన్ని చేర్చినచో అదే అతనికి గౌరవప్రదమైన జీవనం కాగలదు.

కొట్టుకు ఇటుకలు, బీరువాలు ఎవరైన సమకూర్చవచ్చును. విశ్వాసం మాత్రం యజమాని స్వయంగా సంపాదింపవలెను. స్వజనుల విశ్వాసం వారసత్వంగా వచ్చును. ఇతర భాషీయుల విశ్వాసం సరియైన తూకంతోను, మంచి మాటతోను, తప్పులేని పద్దుతోను మాత్రమే వచ్చును. బెంగాలీ ఇల్లాలు తెలుగు కొట్టుకు తన చిన్న బిడ్డను ఒంటరిగా పంపి, చిల్లర సరిగా వచ్చునని నిశ్చింతగా ఉన్న నాడు, ఆ కొట్టు పెరిగినదని చెప్పవచ్చును. జాతీయ సమైక్యత పెద్ద సభలలో చర్చించే విషయమే. కాని దానిని దినదినం ఆచరించేది ఇట్టి చిన్న గడపల వద్దనే.